మూడు రోజుల్లో వారసత్వ రక్షకులం

చారిత్రక కట్టడాల పరిరక్షణలో నేను శిక్షణ పొందినవాణ్ణి. మూడు రోజులు. నిజం చెప్పాలంటే రెండున్నరే, చివరి పూటంతా సర్టిఫికెట్లకూ గ్రూప్ ఫొటోకూ పోయింది. ఫొటోలో మా వెనకాల పాత గోడ కనిపించాల్సింది గానీ బ్యానర్ అడ్డొచ్చింది. ఇంత అర్హత సంపాదించాక నాలుగు మాటలు చెప్పకపోతే జాతికి ద్రోహం చేసినవాణ్ణవుతాను.

ముందు సున్నం సంగతి. పాతకాలపు వాళ్లు ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం పెట్టి వందల ఏళ్లు నెట్టుకొచ్చారు. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకునేదాకా పాపం వాళ్లకు వేరే గతి లేదు. మనకేం ఖర్మ? అతుకుల్లో సున్నం గీకేసి సిమెంటు కూరితే గట్టిగా, నున్నగా ఉంటుంది, ఫొటోలో కూడా బాగా వస్తుంది. మేం ఈ తీర్మానం రాసుకుంటుండగా గోడ దగ్గర పని చేసుకుంటున్న తాపీమేస్త్రీ ఒకాయన కల్పించుకున్నాడు.

‘‘సార్, గోడలో చెమ్మ ఎటో ఒకటు పోవాలి కదా. సున్నపు అతుకైతే అందులోంచి పోతుంది. సిమెంటుతో మూసేస్తే ఇటుకలోంచే పోతుంది. చెమ్మ ఆరినచోట ఉప్పు మిగిలి, ఇటుక మొహం పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతుంది. అతుకు నిక్షేపంగా ఉంటుంది, ఇటుకే పోతుంది.’’

అతుకు ఉంటుందని ఆయనే ఒప్పుకున్నాడు. మేం నేర్చుకుంటున్నది అతుకు వేయడమే. చర్చ అంతటితో ముగిసింది.

ఆయన మాలో ఒకడు కాదని మనవి. గోడకు పెచ్చు ఊడితే పూయడానికి పిలిచిన మనిషి. నెలల తరబడి నానిన సున్నం తెచ్చుకుని, ఇసకతో కలిపి, కొంచెం తాపీ మీదికి తీసుకుని తాపీని తలకిందులు చేసేవాడు. సున్నం జారకుండా వేలాడుతుందేమో కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ కలిపేవాడు. ఆ పరీక్షకు ఎన్ని మార్కులని అడిగితే తెల్లమొహం వేశాడు.

చదువుకున్నవాళ్ల పని వేరు. గ్రీసులోని ఏథెన్స్‌లో పార్థెనాన్ గుడి కట్టిన ప్రాచీనులు పాలరాళ్లను ఇనప బిగింపులతో కలిపి, తుప్పు పట్టకుండా చుట్టూ కరిగించిన సీసం పోశారు. గత శతాబ్ది మొదట్లో దాన్ని బాగుచేసిన ఇంజినీరు నికొలావోస్ బలానోస్ సీసం జోలికి పోకుండా ఇనుము దించేశాడు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది, పాలరాయి పగిలింది. 1975లో ఒక సంఘం ఏర్పడింది. అప్పటినుంచీ ఆ ఇనుము పీకి టైటానియం పెడుతూనే ఉన్నారు. ఒక్క మనిషి చేసిన మరమ్మతు రెండు తరాలకు ఉపాధి! మాలో ఎవరికైనా ఆ స్థాయి అందుతుందా అన్నదే నా బెంగ.

అందుకు అడ్డు 1964 నాటి వెనిస్ చార్టర్, అంటే పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని అందులో తొమ్మిదో అధికరణం. ఊహ కూడా వద్దంటే రెండున్నర రోజుల వాళ్లకు ఇంక మిగిలేదేమిటి? 2012లో స్పెయిన్‌లోని బోర్హాలో ఒక పెద్దావిడ చర్చి గోడ మీద వెలిసిపోయిన క్రీస్తు బొమ్మను తన చేత్తో దిద్దబోయింది. దాన్ని చూసి ప్రపంచమంతా నవ్వింది, ఆ తర్వాత టిక్కెట్టు కొనుక్కుని మరీ చూడటానికి వెళ్లింది. ఆవిడకు సర్టిఫికెట్ కూడా లేదు. ఉన్నవాళ్లం మేం ఎంత చేయగలమో మీ ఊహకే వదిలేస్తున్నాను.

జపానువాళ్లది మరీ చాదస్తం. ఇసె పుణ్యక్షేత్రంలో మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో అరవై రెండోసారి కట్టారు. కుర్రతనంలో కొయ్యలు మోసినవాడు నడివయసులో ఉలి పడతాడు, ముసలితనంలో పక్కన నిలబడి దిద్దుతాడు. కోర్సు కాలం నలభై ఏళ్లు! హాజరుపట్టీ ఎవరు రాస్తారు, మధ్యాహ్నం భోజనాల బిల్లు ఎవరు పాస్ చేస్తారు?

ఇంతకీ ఆ మేస్త్రీని వచ్చే బ్యాచ్‌కు బోధకుడిగా పెడదామని మాలో ఒక అమాయకుడు ప్రతిపాదించాడు. ఫారం తెచ్చి నింపబోతే విద్యార్హత గడి దగ్గర ఆగిపోయింది. ‘‘మీ దగ్గర నేర్చుకున్నవాళ్లున్నారా?’’ అనడిగితే, ఇద్దరు వచ్చారని, కూలి చాలక ఒకడు టైల్స్ పనికి పోయాడని, రెండోవాడు ఆటో నడుపుతున్నాడని చెప్పాడు. ఆ వివరాలకు ఫారంలో గడి లేదు.

ఈలోగా ఫొటోగ్రాఫర్ తొందరపెట్టాడు. బ్యానర్ కట్టడానికి వేరే చోటు దొరక్క, ఆయన అప్పుడే పూసిన తడి సున్నంలోకి నాలుగు మేకులు దించాం. సుత్తి కూడా అక్కర్లేకుండా చేత్తోనే దిగిపోయాయి. సున్నం ఎంత బలహీనమో కళ్లారా చూశాం, సిమెంటు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.