మైనస్ ఇంటు మైనస్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మైనస్ ఇంటు మైనస్ గారికి,

హనుమకొండ నుంచి ఏడో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే ఇక్కడ లెక్కల టెన్షన్ తప్ప కుశలమేమీ లేదు. మీరు మాత్రం ఎప్పటిలాగే ప్లస్సులో ఉంటారని తలుస్తాను.

మా అమ్మాయి నోట్సులో −3 −5 = +8 అని ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటు. ఇదేందే అంటే, "మైనస్ మైనస్ ప్లస్సే కదా నాన్నా, సార్ చెప్పిండు" అంది. 'మైనస్ ఇంటు మైనస్ ప్లస్' అని క్లాసంతా కోరస్‌గా వల్లిస్తుంటే మధ్యలో జారిపోయిన 'ఇంటు', సార్ పెన్నులోంచి ఇలా తిరిగొచ్చిందన్నమాట. "గుణిస్తే మాత్రం ప్లస్ ఎందుకైతది సార్?" అని కూడా అడిగిందట. "రూల్ అంతే, రాసుకో" అని కాసేపు నిలబెట్టారట.

అదేమైనా అల్లాటప్పా ప్రశ్నా? 628లోనే బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అని పేర్లు పెట్టి, రెండు ఋణాల లబ్ధం ధనమని తేల్చేశాడు. కారణం ఆయనా రాయలేదు, కాబట్టి మా సార్‌ది పాత సంప్రదాయమే అనుకోవాలి. యూరప్‌లో చాలామంది పండితులైతే ఆ తర్వాత వెయ్యేళ్లకు కూడా ఋణ సంఖ్యలను గడప తొక్కనివ్వలేదు. సున్నాలోంచి నాలుగు తీస్తే సున్నాయే అన్నాడు పాస్కల్. మైనస్ గుర్తు వాడకం మీద సణుగుతూ 1758లో ఫ్రాన్సిస్ మసెరెస్ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1796లో విలియం ఫ్రెండ్ బీజగణితంలోంచే మిమ్మల్ని వెళ్లగొట్టాడు. ఇంతమందికి కొరుకుడుపడనిది మా పిల్ల ఒక్క పీరియడ్‌లో మింగేయాలి!

బోర్డు మీద నాలుగు లైన్లు చాలు కదండీ. −2ను 2తో గుణిస్తే −4, 1తో −2, సున్నాతో 0. వరసకు రెండేసి పెరుగుతోంది. ఇక −1తో గుణిస్తే +2 కాక మరేమొస్తుంది?

క్లాసులో థర్మామీటరు, జలాంతర్గామి చూపించారట. వరంగల్ ఎండల్లో సున్నాకు కింది డిగ్రీలు ఎవరు చూశారు? దాని బదులు మా నాన్నకు పత్తి అమ్మినప్పుడు మార్కెట్లో ఇచ్చిన బిల్లు, అదే తక్‌పట్టీ చూపించినా సరిపోయేది. పైసలు ఒక దిక్కు. హమాలీ, తరుగు, పంట అమ్మిపెట్టే అడ్తిదారు దగ్గర తెచ్చిన అప్పు, దాని మిత్తి ఇంకో దిక్కు. ఆ అడ్తిదారు రెండేసి వేల అప్పు చీటీలు మూడు చింపేశాడనుకోండి, నాన్నకు ఆరు వేలు కలిసొచ్చినట్టే. −3 ఇంటు −2000, +6000. లెక్క కుదిరింది, చీటీలు చింపే అడ్తిదారే దొరకాలి. 2024లో రెండు లక్షల దాకా రుణమాఫీ అన్నప్పుడు మా ఊరి రచ్చబండ మీద రోజూ నడిచింది మీ చర్చే. జాబితాలో పేరు రానివాళ్లకు మాత్రం మైనస్ మైనస్‌గానే మిగిలింది.

కాబట్టి మనవి ఏమిటంటే, యూనిట్ టెస్టులు అయ్యేదాకా గుణకారం దాటి బయటికి రాకండి. రేపు జేఈఈ కోచింగ్‌లో ఎలాగూ పిల్లకు మీ అవసరం పడుతుంది. అక్కడ ఒక తప్పుకు మైనస్ ఒకటి. రెండు తప్పులైతే ప్లస్ చేయడానికి మాత్రం మీరు రారట, మైనస్ రెండేనట.

ఇట్లు,
నిలబడ్డ పిల్ల తండ్రి