నమ్మకం సముద్రమట్టానికి ఎంత ఎత్తు?

శ్రీకాకుళం సముద్రమట్టానికి ఓ పది మీటర్ల ఎత్తులో ఉంటుంది. మనవాళ్ళు ఎవర్నీ ఓ పట్టాన నమ్మరన్న అపవాదుకి అసలు కారణం ఈ పది మీటర్లేనని, మన బుద్ధుల్లో లోపమేమీ లేదని సవినయంగా నిరూపించదలిచాను.

ముందు కింది పరిస్థితి చూద్దాం. పెట్రోలు బంకులో కుర్రాడు పైపు పట్టుకోగానే, మనం నోరు విప్పకముందే, "జీరో చూసుకోండి సార్" అంటాడు. మనం నమ్మమని అతనికంత నమ్మకం. ఏడురోడ్ల జంక్షన్లో టీ తాగి ఫోన్లో పది రూపాయలు పంపి, తెర మీద పచ్చటి టిక్కు చూపించండి. టీకొట్టాయన దాని వంక చూడనైనా చూడడు. బల్ల మీదున్న డబ్బా నోరు తెరిచి "పది రూపాయలు అందాయి" అనేదాకా మనల్ని అక్కణ్ణుంచి కదలనివ్వడు. మనిషి మాట కంటే డబ్బా మాట ఎక్కువైందని బాధపడేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇందులో తప్పు కనిపించదు. శ్రీకాకుళం రోడ్డు అని బోర్డున్న స్టేషన్లో దిగితే అది ఆమదాలవలస అవుతుంది. రైల్వేశాఖ వారే ఇంత చక్కగా శిక్షణ ఇస్తుంటే జనం మాత్రం ఎవర్ని నమ్ముతారు?

ఈ వాతావరణంలో పెరిగినవాడే మా వీధి కుర్రాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. సెలవులకి ఇంటికొస్తే పాలప్యాకెట్ మీద తేదీ చదవనిదే కాఫీ ముట్టడు. అలాంటివాడు వీపుకో సంచి తగిలించుకుని, హిమాచల్‌లో హంప్తా పాస్ అనే కనుమ ఎక్కుతానని బయల్దేరాడు. ఎత్తు 4,270 మీటర్లు. తోడెవరు అంటే ఎవరూ లేరట. "నన్ను నేను నమ్ముకుంటున్నాను" అన్నాడు. వాళ్ళ మావయ్య "కొండే కావాలంటే మన మహేంద్రగిరి లేదేట్రా?" అన్నాడు గానీ, 1,501 మీటర్ల కొండతో ఆత్మవిశ్వాసం నిండదట. ఆ కొండ మీద పరశురాముడు ఇప్పటికీ తపస్సు చేసుకుంటున్నాడని నమ్మిక. భూమండలాన్ని ఇరవై ఒక్కసార్లు చుట్టి, గెలిచిన నేలంతా కశ్యపుడికి దానమిచ్చేసి, ఒక్క గొడ్డలితో కొండెక్కిన మనిషి. సోలో ట్రావెలర్ అంటే ఆయనా, వీపు సంచిలో రెండు పవర్ బ్యాంకులు మోసేవాడా? సరే, అది వేరే చర్చ.

ఇక్కడే నా సిద్ధాంతం మొదలవుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, నమ్మకం చిక్కబడుతుంది. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. అనుమానించడానికి చాలా ఆక్సిజన్ కావాలి. అక్కడ అంత ఉండదు.

గైడు దండగ అనుకున్న మన కుర్రాడు, దారిలో ఎవరో పేర్చిపోయిన నాలుగు రాళ్ళు చూసి ఎడమకి తిరిగాడు. ఆ రాళ్ళు పేర్చిందెవరో, తెలిసి పేర్చాడో తోచక పేర్చాడో అడగలేదు. అదే మనూళ్ళో రూటు మ్యాపు చెప్పిన దారి సరైనదో కాదో ఆటోవాణ్ణి అడుగుతాడు, ఆటోవాడు చెప్పింది నిజమో కాదో కిళ్ళీకొట్టాయన్ని అడుగుతాడు. పొద్దెక్కాక మంచు కరిగి వాగులు పొంగుతాయి, తెల్లారగట్లే దాటెయ్యమని గొర్రెల కాపరి ఒకడు సగం అర్థమైన భాషలో చెబితే, ఆధార్ కార్డు అడక్కుండా నమ్మేశాడు.

మరి ఆ "నన్ను నేను" ఏమైంది? డాక్టర్లు చెప్పే మాట ఒకటుంది. 2,500 మీటర్లు దాటాక కొండజబ్బు ఎవరికైనా రావచ్చు, కండలున్నవాడికి మినహాయింపు లేదు. 3,000 దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. జబ్బు ముదిరి మెదడు వాస్తే మనిషి తూలతాడు, తికమకపడతాడు. అదేమిటో గుర్తించాల్సిన మెదడే అప్పటికి వాచి ఉంటుంది. అంచేత "నాకేం కాలేదు, నేను బ్రహ్మాండంగా ఉన్నాను" అన్న మాట అక్కడ ఆత్మవిశ్వాసం కావచ్చు, రోగలక్షణమూ కావచ్చు. తేడా చెప్పడానికి పక్కన ఇంకొకడుండాలి. నేపాల్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లకి గైడు తప్పనిసరి చేసింది కూడా. వాళ్ళకి ఆత్మవిశ్వాసం మీద గౌరవం లేదు.

ఇంటి దగ్గర సంగతి చెప్పాలి. లైవ్ లొకేషన్ పెట్టమని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుంది. సిగ్నల్ పోయిన చోట నీలిచుక్క ఆగిపోయింది. శాటిలైట్ ఫోను పట్టుకెళ్దామంటే మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం. ఆ చుక్క వంక చూస్తూ తండ్రి పొద్దునా సాయంత్రం "ఇంకా పడుకునే ఉన్నాడా?" అని అడిగేవాడు. తల్లి మాత్రం అరసవల్లి ఆదిత్యుణ్ణి నమ్ముకుంది. ఆదిత్యుడు అక్కడా ఉన్నాడు, కాకపోతే మోతాదు మించి. వెయ్యి మీటర్లకి పది శాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి మొహాన కొడుతుంది. అనుగ్రహం ఎక్కువై కుర్రాడి ముక్కు మీద తోలు ఊడింది.

అసలు చిత్రం కొండ దిగాక జరిగింది. అవతలి లోయలో ఓ డేరా హోటల్లో అన్నం, పప్పు తిన్నాడు. లోయన్నమాటే గానీ అదీ ఎత్తే, అక్కడ నీళ్ళు తొంభై డిగ్రీల లోపే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేందే పప్పుడకదు. తిన్నాక చూస్తే జేబులో నోట్లు లేవు, ఫోన్లో సిగ్నల్ లేదు. ఆ హోటలావిడ తన నంబరు ఓ చీటీ మీద రాసిచ్చి, మనాలీ వెళ్ళాక పంపమని, ఇంకో గరిటె పప్పు వేసింది. మాట్లాడే డబ్బా లేదు, జీరో లేదు. వీడు మనాలీలో బస్సు దిగీ దిగగానే పంపాడు. పైగా ఇరవై రూపాయలు ఎక్కువ వేశాడు. నా సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

క్షేమంగా ఇంటికొచ్చాడు. కొడుకు తిరిగొస్తే నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తానని తల్లి మొక్కుకుందట. "మొక్కింది నేనే గానీ, నడిచే అలవాటు నీకే కదరా, నువ్వే తిరుగు" అంది. తప్పేదేముంది! ఆదివారం పొద్దున్నే అరసవల్లి వెళ్ళాడు. నేను చూసేసరికి గుడి ముందు కొబ్బరికాయల దుకాణం దగ్గర నిలబడి, కాయ తరవాత కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు. "అన్నీ మంచివే బాబూ" అంటోంది దుకాణం ముసలమ్మ. వీడు ఏడో కాయ అందుకున్నాడు.