రక్తం మాట ఎత్తకండి

"అక్కడ ప్రధాని సైకిలు తొక్కుతాడు, ఇక్కడ కార్పొరేటరు సైరన్ మోగిస్తాడు" అని మొదలయ్యే సందేశం ఈ నెలలో నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవారందరూ ఆప్తులే, వారి ఆవేదనా న్యాయమైనదే. కానీ ఆ సందేశం చెప్పేది వినండి. నెదర్లాండ్స్ ప్రధాని మార్క్ రుటె సైకిలు మీద ఆఫీసుకు వెళతారట. స్వీడన్ మంత్రులకు అంగరక్షకులు ఉండరు కనుక మన నాయకులూ గన్‌మెన్లను వదిలేయాలట. నార్వే, బ్రిటన్ ప్రధానులు తప్పు చేస్తే నిజాయితీగా జరిమానా కడతారట. ఇదంతా వారి రక్తంలోనే ఉందట, మన జాతికి ఎన్నటికీ రాదట.

సైకిలు సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. రుటె సైకిలు తొక్కిన మాట నిజమే కానీ, ఆయన 2024 జులైలోనే పదవి దిగిపోయారు. ఆ దేశంలో సైకిలు తొక్కడం మన ఊళ్ళో స్కూటరు నడిపినంత మామూలు విషయం.

అంగరక్షకుల మాట అంత తేలిగ్గా వదలలేను. 1986 ఫిబ్రవరి 28 రాత్రి స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మే భార్యతో కలిసి సినిమా చూసి, అంగరక్షకులు లేకుండా నడిచి వెళుతూ స్టాక్‌హోమ్ వీధిలో హత్యకు గురయ్యారు. 2003 సెప్టెంబరులో ఆ దేశపు విదేశాంగ మంత్రి అన్నా లిండ్ అలాగే ఏ రక్షణా లేకుండా దుకాణానికి వెళ్ళి, కత్తిపోట్లకు గురై మరునాడు మరణించారు. ప్రాణానికి ముప్పు ఉన్నవారి వెంట పోలీసులు ఉండడం మీద నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా కాన్వాయ్ కోసం పావుగంట సేపు కూడలిని మూసేసి, ఆసుపత్రికి వెళ్ళే ఆటోను కూడా ఆపే పద్ధతి మీదనే.

జరిమానాల మాట నిజం, కారణం అబద్ధం. తన అరవయ్యో పుట్టినరోజు వేడుకలో కోవిడ్ నిబంధనలు ఉల్లంఘించినందుకు నార్వే ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్‌కు 2021 ఏప్రిల్‌లో 20,000 క్రోనర్ల జరిమానా పడింది. కదులుతున్న కారులో సీటు బెల్టు లేకుండా వీడియో తీయించుకున్న అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్‌కు 2023 జనవరిలో జరిమానా వేశారు. వీరిద్దరూ తమంతట తాముగా పోలీసు స్టేషనుకు వెళ్ళి కట్టినవారు కారు. విషయం బయటపడింది, పోలీసులు చలానా రాశారు. ప్రధానికి చలానా రాస్తే బదిలీ తప్పదని భయపడే పోలీసు ఆ పని చేయగలడా? కీలక పోలీసు అధికారులకు కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. అది ఎంతవరకు అమలైందని అడిగే సందేశం నాకు ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

ఇక రక్తం. నాకు నిజంగా కోపం తెప్పించినది ఈ మాటే. 1995లో స్వీడన్ ఉపప్రధాని మోనా సాలిన్ ప్రభుత్వ కార్డుతో సొంత కొనుగోళ్ళు చేసిన సంగతి బయటపడి, ప్రధాని పదవికి పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. నిజాయితీ రక్తంలోనే ఉంటే ఆ కొనుగోళ్ళు ఎలా జరిగాయి? ప్రభుత్వ కాగితాలను ఎవరైనా అడిగి చూడవచ్చునన్న చట్టం ఆ దేశంలో 1766లోనే వచ్చింది. మన సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. రెండున్నర శతాబ్దాల అలవాటుతో రెండు దశాబ్దాల హక్కును పోల్చి, తేడాకు కారణం జాతి అని తేల్చడం ఏం తర్కం? పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళినప్పుడు ఆయన ఒంట్లో ప్రవహించినది ఏ దేశపు రక్తం? ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినా నిరాడంబరంగానే బతికిన గుమ్మడి నర్సయ్య ఎక్కడి మనిషి? పుట్టుకను బట్టి బావి దగ్గర ఎవరు ముందు నీళ్ళు తోడుకోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో నిర్ణయించిన నేల మనది. ఆ కొలబద్దనే మళ్ళీ చేతిలోకి తీసుకుంటున్నామని పంపేవారికి తోచడం లేదా? పైగా రక్తంలో లేనిదానికి ఏ నాయకుడినీ తప్పుపట్టలేము. వారికి అంతకంటే కావలసినది ఏముంది?

2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయంటే మారినది రక్తం కాదు, మోటారు వాహనాల నిబంధన. టోలు గేటు దగ్గర ఎంపీలు, తమ రాష్ట్రంలో ఎమ్మెల్యేలు రుసుము కట్టనవసరం లేదని 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో రాసి ఉంది. రాసినదాన్ని కొట్టివేయవచ్చు. అడగవలసినది అది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఓడిపోయాను. 2021లో భద్రాద్రి కొత్తగూడెం కలెక్టరుగారి భార్య భద్రాచలం ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించినప్పుడు, ఒక్కరి ఉదాహరణతో ఏమీ మారదని, నిబంధనలే మారాలని ఇదే పట్టుదలతో వాదించాను. తరువాత మా బంధువుల అమ్మాయికి నెలలు నిండినప్పుడు, అప్పు చేసైనా ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పిస్తామన్న అత్తమామలకు ఆమె ఫోనులో ఆ వార్తే చూపించి, "కలెక్టరుగారి ఇంట్లోవాళ్ళే వెళ్ళారు కదత్తయ్యా, మనకెందుకు భయం?" అని ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళింది. వెళ్ళమని ఆమెకు ఏ నిబంధనా చెప్పలేదు.