లక్ష లూమెన్ల జేబు టార్చి లేదు: ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

రెండు వారాలుగా హైదరాబాద్‌లో టార్చిల మీద ప్రేమ ఉన్నవాళ్ళందరి ఫోన్లలో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. సొంతంగా జేబు టార్చి చేయించుకునేవాళ్ళు ఏమేం చూసుకోవాలో చెప్తానంటుంది. దాని సారాంశం ఇది. లూమెన్లు, అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలత, ఎంత ఎక్కువైతే అంత మంచి టార్చి, లక్ష లూమెన్లవి కూడా వెయ్యి రూపాయల లోపే వస్తున్నాయి. సెల్ మీద కెపాసిటీ 9900 అని ఉన్నదే తీసుకోవాలి. నీలం కొట్టే తెల్లటి వెలుగులోనే అన్నీ బాగా కనిపిస్తాయి. జూమ్ లేకపోతే వెలుగు దూరం పోదు. మోడ్‌లు ఎన్ని ఉంటే అంత లాభం, జేబులో దానంతటదే వెలగకుండా ఆపే లాక్ మాత్రం దండగ. టైప్-సి పెట్టించి బ్యాటరీని లోపలే సీల్ చేయిస్తే ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు. నీళ్ళకు తట్టుకుంటుందో లేదో రేటింగ్ చూసుకోవాలి.

ఆ చివరి మాట నిజం. ఐపీఎక్స్4 అంటే చినుకులకు, తుంపర్లకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉన్నా ఏమీ కాదు. మన జులై వానలకు రెండోది ఉండాల్సిందే. మిగతావి దాదాపు అన్నీ తప్పు. కొన్ని ప్రమాదం కూడా.

ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది. మేం నలభై మందిమి కలిసి ఒక టార్చి చేయించుకుంటున్నాం. బాలానగర్‌లో లేతు పని చేసే ఒక వర్క్‌షాపు వాళ్ళు అల్యూమినియం బాడీలు చేసిస్తామన్నారు. అందులో ఏమేం ఉండాలో ఓట్లు వేసుకుంటున్నాం. ఈ మెసేజ్ వచ్చాక ఓట్లు అటువైపు మళ్ళాయి. లిథియం సెల్ ఉన్న వస్తువును రోజంతా ఒంటికి ఆనించుకుని తిరగబోతున్నాం కాబట్టి దీన్ని పోనీలే అని వదిలేయలేను.

లూమెన్లతో మొదలుపెడతాను, ఎక్కువమంది పడిపోయింది అక్కడే కాబట్టి. ఇవాళ మంచి ఎల్ఈడీ వేసిన చేతి టార్చి ఒక్కో వాట్‌కు సుమారు 100 నుంచి 150 లూమెన్లు ఇస్తుంది. ఈ లెక్కన లక్ష లూమెన్లకు 700 నుంచి 1000 వాట్లు కావాలి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె లాగేది దాదాపు 1000 వాట్లు. ఇలాంటి టార్చిల్లో వేసే 18650 రకం లిథియం సెల్, బాగా కరెంటు ఇవ్వగలది ఒకటి, 20, 30 ఆంపియర్లు ఇస్తుంది, అంటే మహా అయితే వంద వాట్లు, అదీ కొన్ని నిమిషాలు. కార్లలో వాడే హాలోజన్ హెచ్4 బల్బు హైబీమ్‌లో ఇచ్చేది 1650 లూమెన్లే. జేబులో పట్టే గొట్టం అలాంటి అరవై బల్బుల వెలుగు ఇస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

నిజంగానే 3000 లూమెన్లు కొట్టే చిన్న టార్చిలు ఉన్నాయి, నా దగ్గరే ఒకటుంది. కానీ ఎల్ఈడీ తీసుకున్న కరెంటులో వెలుగయ్యేది మూడో వంతు, అటూఇటూ. మిగతాదంతా వేడి. 3000 లూమెన్లంటే ఇరవై వాట్ల వేడి అరచేతిలో పుట్టినట్టు. ఒకటి రెండు నిమిషాల్లో లోపలి సెన్సర్ వెలుగు తగ్గించేస్తుంది. బయట 42 డిగ్రీలున్న మే నెలలో ఇంకా ముందే తగ్గిస్తుంది. తర్వాత మిగిలేది నాలుగైదు వందల లూమెన్లు. పెట్టె మీద అంకె ఆ మొదటి నిమిషానిది, మనం నడిచేది మిగిలిన గంటంతా.

అలా రాయడం మోసం కూడా కాదు. టార్చిల కొలతలకు ఎఫ్ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం 2009లో వచ్చింది. దాని ప్రకారం లూమెన్లను ఆన్ చేసిన 30 సెకన్ల తర్వాత కొలవాలి. రన్‌టైమ్ అంటే ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. ఈ రెండు నిర్వచనాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడు నిమిషాలు 1000 లూమెన్లు కొట్టి, తర్వాత మూడు గంటలు 150 దగ్గర ఈడ్చిన టార్చి మీద కూడా "1000 లూమెన్లు, 3 గంటలు" అని నిక్షేపంగా రాసుకోవచ్చు. అందుకే గరిష్ఠం ఎంత అని కాదు, కదలకుండా ఎంత దగ్గర నిలబడుతుంది అని అడగాలి.

కంటి సంగతి కూడా ఉంది. వెలుగు రెట్టింపు అయినట్టు మనకు అనిపించాలంటే లూమెన్లు సుమారు నాలుగు రెట్లు పెరగాలి. 800ని 1000 చేస్తే పక్కపక్కన పెట్టి చూసుకుంటే తప్ప తెలియదు. నా ఓటు 800 గరిష్ఠానికి, 300 దగ్గర మూడున్నర, నాలుగు గంటలు ఒకేలా వెలిగించే డ్రైవర్‌కు, అంటే ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్‌కు. సెల్ తగ్గేకొద్దీ వెలుగు కూడా తగ్గిపోయే చవక సర్క్యూట్ వద్దు.

ఇక 9900 సెల్. 18650 అనే పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. అంత డబ్బాలో ఇవాళ పేరున్న కంపెనీలు పట్టించగలిగింది 3500 ఎంఏహెచ్ (సెల్ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత) చుట్టుపక్కలే. దాని మీద 9900 అని అచ్చు వేయడానికి కావాల్సింది కెమిస్ట్రీ కాదు, స్టిక్కర్.

ఆ మెసేజ్ చూశాక ఆన్‌లైన్‌లో అలాంటిదొకటి తెప్పించాను. మా అక్క కేకులకు పిండి తూచుకునే డిజిటల్ కాటా ఉంది. ముందు ఒక పాత లాప్‌టాప్ బ్యాటరీ నుంచి తీసిన అసలు సెల్ పెట్టాను, 46 గ్రాములు. తర్వాత 9900 పెట్టాను, 29. "ఒరేయ్, పిండి తూచే దాని మీద అవేంట్రా?" అని అక్క వచ్చింది. రెండూ చేతికిచ్చాను. ఒక్క క్షణం పట్టుకుని, "ఇది డొల్లరా" అంది. దాన్ని కెపాసిటీ కొలిచే చార్జర్‌లో పెడితే మర్నాటికి 1180 చూపించింది. ఇలాంటి వాటిలో పెద్ద డబ్బా లోపల చిన్న సెల్ పెట్టి, ఖాళీని ఏదో పొడితో నింపడం మామూలే. అసలు సెల్ 45 నుంచి 48 గ్రాములు ఉంటుంది. తూచి చూడండి, చాలు. కోసి చూద్దామని మాత్రం అనుకోవద్దు, లిథియం సెల్‌కు గాటు పడితే మంట లేస్తుంది.

నీలం కొట్టే వెలుగు "పవర్" అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. మొన్న వానకు మా అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లకు కరెంటు పోయింది. సెల్లార్‌లో ప్యానెల్ బోర్డు తెరిచి ఎలక్ట్రీషియన్ అన్న తన చవక టార్చి నోట్లో కరచుకుని పని చేస్తున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. కాసేపటికి టార్చి తీసి, "తమ్మీ, ఇది ఎర్రదా నల్లదా? సమజైతలేదు" అన్నాడు. దుమ్ము పట్టిన వైరు, ఆ నీలం వెలుగులో బొగ్గులా ఉంది. నా జేబులోని టార్చి వేశాను. అదే వైరు దుమ్ము కింద నుంచి ఎర్రగా బయటపడింది, పక్కది నల్లగానే ఉండిపోయింది. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. నా టార్చి లూమెన్లు ఆయన దానికంటే తక్కువే.

కారణం ఎల్ఈడీ పుట్టుకలోనే ఉంది. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం ఎల్ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. పూత చవకదైతే నీలం, పసుపు బాగా వస్తాయి, ఎరుపు పలచబడిపోతుంది. వెలుగులో ఎరుపే లేకపోతే ఎర్ర వైరు మనకు దేన్ని తిప్పికొడుతుంది? రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత సీఆర్ఐ, పూర్తి మార్కులు 100. వెలుగు రంగును కెల్విన్లలో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. చవక 6500 కెల్విన్ ఎల్ఈడీలు సీఆర్ఐలో 70 దగ్గర ఉంటాయి. నకమురా పనిచేసిన జపాన్ కంపెనీ నిచియా చేసే 519ఏ లాంటివి 90 దాటినవి దొరుకుతాయి. వాటిలో ఎరుపును విడిగా కొలిచే ఆర్9 అంకె కూడా చూడాలి. ఇలాంటి ఎల్ఈడీకి లూమెన్లు కొంత తగ్గుతాయి, దాచను. ఎండుటాకుల మీద ముడుచుకున్న రక్తపింజరను ఆకుల నుంచి వేరు చేసి చూపేది ఆ గోధుమ, ఎరుపు ఛాయల తేడానే. వికారాబాద్ అనంతగిరి అడవి దారుల్లో నడిచేవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య, సీఆర్ఐ 90 పైన: ఇందులో మాత్రం రాజీ పడవద్దని అందరినీ బతిమాలుతున్నాను.

జూమ్ గురించి క్లుప్తంగా. దూరాన్ని నిర్ణయించేది క్యాండెలా, అంటే వెలుగు ఒక దిక్కుగా ఎంత చిక్కగా పోతుందన్నది. ఎఫ్ఎల్1 లెక్కలో బీమ్ దూరమంటే వెలుగు 0.25 లక్స్‌కు, అంటే నిండు పున్నమి వెన్నెలంతకు, పడిపోయే చోటు. 10,000 క్యాండెలాలకు అది 200 మీటర్లు. దీన్ని ఏ కదిలే భాగమూ లేకుండా మామూలు రిఫ్లెక్టర్ ఇస్తుంది, చుట్టూ పలచటి వెలుగు కూడా పరుస్తుంది. జూమ్ లెన్స్‌ను ముందుకు లాగితే చాలా వెలుగు గొట్టం గోడలకే తగిలి పోతుంది, అడుగు ముందు చీకటి. పైగా ముందుకీ వెనక్కీ జరిగే ఆ సందులోంచే నీళ్ళు దూరుతాయి.

మోడ్‌లు, లాక్. మా ఊళ్ళో టార్చిని బ్యాటరీ అనేవాళ్ళు. పొలానికి కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజుల్లో తాత "బ్యాటరీ తే బిడ్డా" అని తీసుకుని మోటర్ పెట్టడానికి పోయేవాడు. దానికి ఉన్నది ఒకటే మీట. చీకట్లో, తడి చేత్తో, చూడకుండా వాడగలిగేవాడు. ఏడు మోడ్‌లు వరసగా నొక్కుకుంటూ పోవాల్సిన టార్చితో అది కుదరదు. మధ్యలో స్ట్రోబ్ వస్తే మరీ కష్టం. అలా టపటపా కొట్టే వెలుగు మూర్ఛ ఉన్న కొందరికి ఫిట్స్ తెప్పించగలదు. దాన్ని దొంగల కోసం పెట్టించుకుంటే ఇంట్లోవాళ్ళకే తగులుతుంది. నాలుగు మెట్లు చాలు. అందులో ఒకటి మాత్రం ఒక లూమెన్ కంటే తక్కువ ఉండాలి. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అర్ధరాత్రి నీళ్ళకు లేచినప్పుడు ఒక్క నొక్కుతో ఆ అలవాటును పోగొట్టుకోవడం ఎందుకు? పక్కన పసిపిల్ల పడుకుని ఉంటే ఆ చిన్న వెలుగు విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

లాక్ దండగన్న మనిషి జేబులో టార్చి ఎప్పుడూ వెలిగి ఉండదు. నాకు వెలిగింది. పోయినేడు బండి మీద వస్తుంటే తొడ మీద ఏదో కాలుతున్నట్టనిపించింది. పక్కకు ఆపి తీసేసరికి ప్యాంటు జేబు గుడ్డ గోధుమరంగు తిరిగి, గాజు మీద అతుక్కుని ఉంది. తొడ మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది. తాళాలు బటన్ మీద ఒత్తుకున్నాయి, అంతే. దీనికి మందు దాదాపు ఉచితం. అనోడైజ్ చేసిన, అంటే గట్టి ఆక్సైడ్ పూత ఎక్కించిన, అల్యూమినియం పై పొర కరెంటును పోనివ్వదు. వెనక మూత థ్రెడ్లకు కూడా అనోడైజింగ్ ఉంటే, మూతను పావు చుట్టు వదులు చేయగానే సర్క్యూట్ తెగిపోతుంది. ఎలక్ట్రానిక్ బటన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా చుక్కచుక్కగా లాగే కరెంటు దాంతో ఆగిపోతుంది. థ్రెడ్లకు పూత వేయకుండా వదిలేస్తే ఈ లాభం పోతుంది, కాబట్టి డ్రాయింగ్‌లోనే రాయాలి.

సీల్ చేసిన బ్యాటరీ విషయం. ఏ లిథియం సెల్ అయినా కొన్ని వందల చార్జింగ్‌ల తర్వాత నీరసిస్తుంది, ఎండలో బండి డిక్కీలో పడి ఉంటే ఇంకా తొందరగా. సెల్ విప్పి మార్చుకోగలిగితే బాడీ పిల్లల దాకా ఉంటుంది. సీల్ చేస్తే సెల్‌తో పాటే టార్చి కూడా పోయినట్టే.

టైప్-సి పోర్టు కావాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ పోర్టు ఉన్నంత మాత్రాన ఏ చార్జరైనా పనిచేయదు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జ్ కావాలంటే టార్చి బోర్డు మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. అవి లేకపోతే కొత్త ఫోన్ చార్జర్ దాన్ని గుర్తించదు, పాత వెడల్పు పిన్ను కేబుల్‌తోనే ఎక్కుతుంది. చాలా చవక టార్చిల్లో ఖర్చు తగ్గించడానికి ఎగ్గొట్టేది ఈ రెండే. కోఠి గుజరాతీ గల్లీలో వాటి ధర లెక్కలోకే రాదు.

బాలానగర్‌కు డ్రాయింగ్ శనివారం పోతుంది. బోర్డులో ఆ రెండు రెసిస్టర్ల చోటు గుర్తుపెట్టించాను. వెనక మూత థ్రెడ్లకు అనోడైజింగ్ అన్న లైను ఇప్పటికి పెన్సిల్‌తోనే ఉంది, ఎందుకంటే లాక్ వద్దన్న ఓట్లు మూడు ఎక్కువున్నాయి. మార్చుకోదలచినవాళ్ళు శుక్రవారం రాత్రిలోపు నాకు చెప్పండి.