పెద్ద బండి చూడ్డానికెళ్లేవారు పాటించవలసిన మర్యాదలు

గోదావరి జిల్లాల మర్యాదకి ముప్పు వచ్చిపడింది. తెచ్చింది పైవాళ్లు కాదు, మన కుర్రాళ్లే. మొట్టమొదటి పెద్ద బండి, అంటే బుల్లెట్టు లాంటి బరువైన మోటారుసైకిలు, సెకండ్ హ్యాండ్‌లో కొందామని బయల్దేరి, అమ్మేవారి అరుగు మీద కూర్చుని, వాళ్లు పెట్టిన జంతికలు తిని, ఇచ్చిన కాఫీ తాగి, అదే చేత్తో వాళ్ల ఇంజిన్ తాకి చూస్తున్నారు, వేడిగా ఉందా చల్లగా ఉందా అని. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తప్ప పరాయివాళ్లింట్లో ఇంకేదీ తాకి చూడని సంస్కారం మనది. ఇది ఇక్కడితో ఆగేలా లేదు గనక ఆ అమర్యాదలన్నీ వివరంగా రాసిపెడుతున్నాం. ఏవి చెయ్యకూడదో తెలియాలంటే ముందు అవేమిటో తెలియాలి కదా.

అమ్మే ఆయన మర్యాదస్థుడు. మీరొస్తున్నారని తెలిసి అరగంట ముందే బండి తీసి ఊరంతా ఒక చుట్టు తిప్పి పెడతారు. "మీకెందుకండీ శ్రమ, ఇందాకే పాలకోసం వెళ్లొచ్చానండి" అంటారు. పాలకేంద్రం ఎదురుగానే ఉందన్న సంగతి మనం గమనించకూడదు. మర్యాద తెలియనివాడు మాత్రం వేడి తగలగానే "అయితే రేప్పొద్దున వస్తానండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని లేచిపోతాడు.

వాడి సిద్ధాంతం ఇదీ: రాత్రంతా నిలబడ్డ ఇంజిన్ని తెల్లారి లేపినప్పుడే దాని గుణం తెలుస్తుంది. ఆయిలు కిందికి దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లు అరిగితే రాత్రి చుక్కచుక్కగా దిగిన ఆయిలు మొదటి పొగలో నీలంగా వచ్చి, రెండు నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు ఆగిపోతుంది. ఆగకుండా, రేజ్ చేసినకొద్దీ నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండరుకి సానపట్టించాలి. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లటి ఆవిరి కాసేపుండి పోతే అది మన ఊరి తేమ, దానికి ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు. బ్యాటరీ కూడా అప్పుడే దొరికిపోతుంది. మల్టీమీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 14 చుట్టుపక్కలకి రావాలి. ఆ మొదటి నీలం పొగా, సెల్ఫ్ స్టార్టరు బద్ధకమూ వేడి బండిలో కనబడవు. అందుకే పాలకోసం వెళ్లొచ్చింది.

డెల్టాలో పెద్ద బండిని చెవులతో కొనడం ఆచారం. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని కోత పెట్టబోతే గింజ కొరికి చూపించి వాదించే రైతు, రొయ్య కౌంటు కిలోకి ముప్పయ్యా ముప్పై రెండా అని చెరువు గట్టు మీద మళ్లీ తూకం వేయించే ఆసామి, మొప్ప ఎత్తి చూడందే పులసకి బేరమే మొదలెట్టని ఇల్లాలు, ముగ్గురూ కలిసి వచ్చినా ఒక్క డగ్‌డగ్ వినగానే చేతులు కట్టేసుకుంటారు. "నేను చెప్పడం కాదండి, బండే చెబుద్దండి" అని ఆయన రేజ్ ఇస్తారు. సైలెన్సరు చెప్పనిస్తే కదా! మార్చిన సైలెన్సరు హోరు కింద వాల్వులు కదిపే ట్యాపెట్ల టకటకా వినబడదు, టైమింగ్ చైను గలగలా వినబడదు. అసలుది ఏదండీ అంటే "అటక మీదుందండి" అంటారు. డెల్టాలో సగం బుల్లెట్ల సైలెన్సర్లు అటకల మీదే ఉన్నాయి, వాటి కింద కాపరాలు ఎలా చేస్తున్నారో. దాన్ని దింపించి, బిగించి, అప్పుడు వింటాననేవాడు అమర్యాదలో రెండో మెట్టు ఎక్కినట్టు. 2021కి ముందు వచ్చిన 346 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ అయితే వాడు ఇంకో పని చేస్తాడు. సెల్ఫ్ నొక్కుతూ ఇంజిన్ ఎడమ కేసు దగ్గర చెవి పెడతాడు. కర్రుమని జారుతున్నట్టు వినబడితే సెల్ఫ్ మోటారు ఊపుని ఇంజిన్‌కి అందించే స్ప్రాగ్ క్లచ్ అరిగింది, మార్చాలంటే ఆ కేసు విప్పాల్సిందే.

ఇక నీళ్ల సంగతి. ఇది తీరిగ్గా చెప్పుకోవాలి.

లంకల్లో కాలాన్ని వరదలతో లెక్కేస్తారు: 86 వరద, 2006 వరద, 2022 వరద. ఆఖరిదానికి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటాయి, అదీ జూలైలోనే. మనుషులూ పశువులూ ఏటిగట్టు మీదికి చేరారు. బండ్లలో కొన్ని చేరాయి, కొన్ని చేరలేదు. ఆ జూలైకి ముందు రిజిస్టరైన బండిని చూసి "అప్పుడిది గట్టెక్కిందాండీ?" అని అడగడం పరమ అమర్యాద. అడిగినా జవాబు ఒకటే: "చుక్క తడవలేదండి."

చుక్క తడవని బండిని వీళ్లు ఎలా పరీక్షిస్తారో చూడండి. స్క్రూడ్రైవరు అడిగి, అది కూడా ఆ ఇంటివాళ్లదే, హెడ్‌లైటు డూము విప్పుతారు. లోపల వైర్ల కప్లర్లు ఊడదీస్తే పిన్నులు మెరవాలి. పచ్చగా చిలుము పడితే అది మునిగిన బండి, కాదంటే ఏళ్ల తరబడి చూరు కింద నానిన బండి. రెండూ ఒకటే, ఈరోజు ఇండికేటరు, రేపు సెల్ఫ్, ఎల్లుండి అర్ధరాత్రి నడిరోడ్డు మీద మొత్తం. తరవాత సీటు తీసి బ్యాటరీ ట్రే మూలల్లో వేలు పెడతారు. గోదారి ఎర్రనీటి ఒండ్రు ఆరితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. వాటర్ సర్వీసు ఎన్నిసార్లు చేయించినా ఆ మూలల్లోంచి కదలదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా అడుగున అదే పౌడరు, మీటరు అద్దం లోపల సన్నటి నీటి గీత కనబడితే ఇంకెవర్నీ అడగక్కర్లేదు. నీళ్లు ఎంతెత్తున వచ్చాయో ఆ గీతే చెబుతుంది.

ఇంజిన్ ఆయిలు దగ్గర మాత్రం ఈ కుర్రాళ్లే తొందరపడుతుంటారు. ఆయిలు పోసే మూత కింద కాస్త మీగడలా తేలగానే "నీళ్లు కలిశాయి" అని అరుస్తారు. వానాకాలంలో రోజూ కిలోమీటరు దూరం సెంటరుకి వెళ్లొచ్చే బండికి అది మామూలే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక లోపలి తేమ అక్కడ పేరుకుంటుంది. ఆయిలు కనబడే అద్దంలోనే పాల టీ రంగు ఉంటే అప్పుడు అరవచ్చు. మరీ కొత్త తేనెలా ఉంటే నిన్ననే మార్చారన్నమాట, అతిథులొస్తున్నారని.

నీళ్లు ముందుగా తినేది బేరింగుల్లోని గ్రీజుని. డబుల్ స్టాండు వేసి వెనక చక్రం తిప్పుతూ, దాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీద చెయ్యి పెడితే గరగర చేతికి అందుతుంది. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిలు రెండు వేళ్లతో అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. సరిగ్గా నడిమధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే హ్యాండిలు తిరిగే బేరింగు, అంటే కోన్‌సెట్, పోయింది. అలాంటి బండి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు తిన్నగా నడవనంటుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండిది వేరే జబ్బు. ఉప్పుగాలికి ఇనుము ఎర్రబడుతుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి లేచి గుంతలు పడతాయి. స్పోకులు రిమ్ములో దిగే చోట, ఇంజిన్ నుంచి సైలెన్సరుకి వెళ్లే బెండు పైపు అడుగున, స్వింగ్ ఆర్మ్ లోపలివైపు, ట్యాంకు పొట్ట కింద టార్చి వేసి చూస్తారు. అడుగంతా కొత్తగా నల్ల స్ప్రే కొట్టి ఉంటే అది అలంకారం కాదు. ట్యాంకు మూత తీసి లోపల తుప్పు కూడా చూస్తారు, ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాలు తేమని లాక్కుంటుంది గనక నెలల తరబడి కదలని బండి ట్యాంకు లోపలనుంచే పోతుంది. చూడ్డానికి సెల్ టార్చే వాడాలి. అగ్గిపుల్ల గీస్తే అది మర్యాద సమస్య కాదు, ఇన్సూరెన్సు సమస్య అవుతుంది.

పడిన బండిని పట్టుకోవడానికి వాళ్లు జేబులో రెండు వస్తువులు తెచ్చుకుంటారు: గుడ్డలో చుట్టిన అయస్కాంతం ముక్క, పది బారల పురికోస. ట్యాంకు మీద అయస్కాంతం అంటని చోట పెయింటు కింద పుట్టీ ఉంది. బండి నిలువుగా పెట్టి, వెనక టైరు రెండు పక్కలా తగిలేలా పురికోస ముందుకి లాగితే, ముందు టైరుకి రెండువైపులా సందు సమానంగా రావాలి. ఒకవైపు వేలు పట్టి ఇంకోవైపు పట్టకపోతే ఛాసీసో ఫోర్కో వంగింది, లేదా వెనక చక్రం వంకరగా బిగించారు. మూడోదైతే పానాతో పోతుంది. వెనక స్ప్రాకెట్ చివర చైనుని వెనక్కి లాగితే పన్ను సగానికి మించి కనబడకూడదు. టైరు పక్కన నాలుగంకెలు చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటరు 9,000 కిలోమీటర్లు చూపిస్తూ, బండి 2018ది అయి, టైర్లు 2022వి అయితే మొదటి టైర్లు ఏ యాత్రలో అరిగాయో అడగాలి. "సింగిల్ ఓనర్ అండీ, డాక్టరు గారి బండండీ" అన్నది ఆ ప్రశ్నకి జవాబు కాదు. ఫుట్‌రెస్టు రబ్బరు నున్నగా అయిపోయి ఉంటే ఆ డాక్టరు గారు విజిట్లు బాగా చేసేవారని మాత్రం అర్థమవుతుంది.

ఇంతకీ ఏ బండి కొనాలి? ఇది కొనేవాడు తేల్చేది కాదు, వీధి తేలుస్తుంది. 112 కిలోల స్ప్లెండర్ మీద కాలేజీకెళ్లిన కుర్రాడికి వీధి మొత్తం రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 సీసీ సిఫార్సు చేస్తుంది. 8 గుర్రాల (హార్స్ పవర్) బండి దిగి 47 గుర్రాల బండి ఎక్కాలన్నమాట, బరువు 200 కిలోల పైమాటే. ఆ 47 గుర్రాలూ రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఎక్కడ పరిగెత్తాలో చెప్పేవాడు లేడు. కొబ్బరికాయల ట్రాక్టరు ముందుంటుంది, కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆరిన గింజల మీద బ్రేకు నొక్కితే గోలీల మీద నొక్కినట్టే, బ్రేకు కొట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ చెయ్యగలిగింది కూడా తక్కువే. అది కూడా 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి, అంతకుముందు బండికి ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే, తాళం తిప్పగానే ఏబీఎస్ దీపం వెలగాలి, కదిలాక ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో నిద్రపుచ్చారు. మొదటి పెద్ద బండికి 350 చాలు, గతుకుల గట్లయితే 411 సీసీ హిమాలయన్ అనే మా అభిప్రాయం వీధిలో చెల్లదని తెలిసీ రాస్తున్నాం. తాతల నాటి బుల్లెట్టు మీద మోజుంటే, దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి అని గుర్తుంచుకోవాలి. కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కితే ఆగాల్సిన బండి ఆగదు.

నడిపి చూడ్డం కూడా మర్యాదగా సెంటరు దాకా వెళ్లి రావడమే. వాళ్లు కాలువ గట్టు మీదికి తీసుకెళ్లి అక్కడ వెనక్కి తిప్పుతారు. ఆ వెడల్పులో, ఆ వాలులో, కాళ్లు రెండూ ఆనక తిప్పలేకపోతే సఖినేటిపల్లి రేవులో తడిసిన పలక మీంచి పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కించడం కల్ల. తిన్నటి రోడ్డు దొరికితే టాప్ గేరులో 40 మీద యాక్సిలేటరు పూర్తిగా తిప్పుతారు. ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి.

కాగితాల దగ్గర అమర్యాద పరాకాష్ఠకి చేరుతుంది. సి బుక్కులో (ఆర్‌సీలో) నంబరు, ఛాసీస్ మీద నంబరు, ఇంజిన్ మీద నంబరు మూడూ గుడ్డతో తుడిచి మరీ సరిచూస్తారు. ఫైనాన్సు తీరిందంటే నమ్మరు, బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చూపించమంటారు. హైదరాబాదు బండైతే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఫారం 28 ఎన్‌వోసీ తెమ్మంటారు, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ ధరలోంచి తీసెయ్యమంటారు. పుదుచ్చేరి కింద ఉన్న యానాం పీవై 04 నంబరు బండి చవగ్గా వస్తోందని మురిసిపోరు, వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకి మించి ఇక్కడ తిప్పితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందేనని గుర్తుచేస్తారు. మన పద్ధతి ఏమిటంటే, పేరు మార్పిడికి పెట్టే ఫారం 29 రెండు కాపీలూ, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ, కొనేవారి పేరు ఖాళీగా వదిలి కన్సల్టెన్సీ వాళ్లకి ఇచ్చెయ్యడం. ఆ కాగితాలు ముగ్గురి చేతులు మారతాయి, పేరు మాత్రం మారదు. అమ్మినవారు 14 రోజుల్లో ఆర్టీవోకి చెప్పాలని, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చెయ్యాలని చట్టం. రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా "టీవో (పేరు మార్పిడి) తరవాత చేయించుకుందురు గానీండి, తొందరేవుందండి" అనడం మన మర్యాద. అవతలి కుర్రాడు ఫోనులోనే చలాన్లు, ఇన్సూరెన్సు గడువు తీసి, ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు చదివి వినిపిస్తాడు.

ఇక బేరం. జంతికలు పెట్టిన కాగితం వెనకే లెక్క రాస్తాడు: రెండు టైర్లు, చైన్ సెట్టు, కోన్‌సెట్, బ్యాటరీ. 650కి ఇవన్నీ కలిపితే చిన్న మొత్తమేమీ కాదు. ఆయన కాగితం ఒకసారి, కుర్రాడి మొహం ఒకసారి చూసి, లోపలికి కేకేసి రెండో కాఫీ చెబుతారు. కాఫీ వచ్చింది. మర్యాదకి లోటు చెయ్యలేదు, పంచదార మాత్రం వెయ్యలేదు.