అడుగున ఏం రాసుంది?

గాజు కళాఖండాన్ని మెచ్చుకోవడానికో పద్ధతుంది. ముందు రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి, 'ఊఁ' అనాలి. తర్వాత దగ్గరికెళ్ళి, రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి, తలకిందులు చేసి అడుగున సంతకం ఉందో లేదో చూడాలి. సంతకం కనబడ్డాక రంగులు వాటంతటవే అద్భుతంగా కనిపిస్తాయి. సియాటిల్ పక్కన పన్నెండేళ్ళుగా కాపురముంటూ ఈ రంగంలో అప్పులపాలైనవాడిగా చెబుతున్నాను, ఇదే సరైన వరస.

నన్ను కలెక్టర్ని చేయాలని మా నాన్న కోరిక. అయ్యాను. సాలార్‌జంగ్ మూడో ఆయనకీ నాకూ తేడా ఒక్కటే. ఆయన బ్రహ్మచారి, ఎంత కొన్నా అడిగే దిక్కు లేదు. నాకు నెలనెలా ఇంట్లోనే ఆడిట్.

మా హాల్లో ఉన్నది లీనో తాల్యపియెత్రా అనే ఇటలీ గాజు పనివాడు ఊదిన కూజా. ఆ ఇంటిపేరుకి ఇటాలియన్‌లో 'రాళ్ళు కొట్టేవాడు' అని అర్థం. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత చందాన, ఆ రాళ్ళు కొట్టేవారబ్బాయి 11 ఏళ్ళకే గాజు కొలిమిలో చేరి 21కి మాస్ట్రో, అంటే పెద్ద మేస్త్రి, అయిపోయాడు. ఊరు వెనిస్ పక్కనున్న మురానో లంక. ఊళ్ళో ఉంటే కొంపలంటుకుంటాయని 1291లో వెనిస్ పాలకులు గాజు కొలిముల్ని ఆ లంకకి తరిమారు. ఆపైన పనివాళ్ళు దేశం దాటిపోకూడదని కట్టడి కూడా చేశారు. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి, చెల్లెలి పెళ్ళికి కూడా కదలని మావాళ్ళకి ఈ చరిత్ర విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి ఊరినుంచి లీనో 1979లో మా సియాటిల్‌కి ఉత్తరాన అడవిలో ఉన్న పిల్చక్ గాజు బడికి వచ్చి, తాతముత్తాతల గుట్టంతా అమెరికా కుర్రాళ్ళకి నేర్పేశాడు. సొంతూళ్ళో చీవాట్లు తిన్నాడు. ఆవకాయ కొలతలు కోడలికి కూడా పూర్తిగా చెప్పని ఇంట్లో పుట్టినవాణ్ణి, నా సానుభూతి మురానోవాళ్ళకే.

ఆ బడి పెట్టినవాళ్ళలో ఒకడైన డేల్ చిహూలీ మా ఆఫీసువాళ్ళకి ఇంకా పెద్ద దేవుడు. 1976లో కారు ప్రమాదంలో ఎడమకన్ను చూపు పోయింది, 1979లో భుజం జారింది. అప్పట్నుంచి ఊదే గొట్టం పక్కన పెట్టి, బొమ్మ గీసిచ్చి, బృందం చేత చేయిస్తాడు. సంతకం మాత్రం ఆయనదే. మా మేనేజర్లు సియాటిల్‌లో స్పేస్ నీడిల్ టవర్ కింద ఉన్న ఆయన గాజు తోటకి ఏటా చుట్టాల్ని వెంటేసుకుని వెళ్ళడం ఊరికే కాదు.

ఊదుతుంటే కూడా చూశాను, టకోమా గాజు మ్యూజియంలో. 1,100 డిగ్రీల కొలిమిలోంచి గొట్టం చివర తీసిన ముద్ద అచ్చం అరిసెల పాకం. తిప్పుతూనే ఉండాలి, ఒక్క క్షణం ఆగితే ఓ పక్కకి జారిపోతుంది. ఆ నిప్పుముద్దని మేస్త్రి దేంతో సవరిస్తాడనుకున్నారు? తడిపి మడతపెట్టిన న్యూస్‌పేపరుతో! అరచేతిలో కాగితం, దాని మీద ఎర్రగా గాజు, మధ్యలో బుసబుసా ఆవిరి. పత్రికలో వ్యాసాలు రాసేవాడిగా, ఆదివారం అనుబంధానికి ఇంతకన్నా గౌరవమైన ఉపయోగం నేనెరగను.

మా కూజాలో ఉన్నది రెటిచెల్లో పని. ఒకవైపు మెలితిప్పిన గీతలున్న బుడగలో, రెండోవైపు మెలితిప్పిన బుడగని దూర్చి ఊదితే గీతలు వలలా అల్లుకుంటాయి. ప్రతి గడిలో ఒక చిన్న గాలిబుడగ చిక్కుకుంటుంది, ముగ్గులో గడికో చుక్క పెట్టినట్టు. ఈ సంగతి కొన్న రెండేళ్ళకి తెలిసింది. అంతవరకూ అడుగే చూస్తున్నాను.

కిందటి వేసవిలో అమ్మ తెనాలినుంచి వచ్చింది.

"ఇందులో ఏం పోస్తార్రా?"

"ఏమీ పొయ్యరమ్మా."

"పోనీ పూలు పెడతారా?"

"పెట్టరు."

భూకంపాల ఊరు కదా, అడుగున మైనం పెట్టి బల్లకి అంటించాం. అది ఊడదీసి, తిరగేసి చూపించాను. లీనో తాల్యపియెత్రా, 1999. అమ్మ కళ్ళజోడు సవరించుకుని గిన్నెల మీది పేరు చదివినట్టు చదివింది.

"కొనుక్కున్నవాళ్ళ పేరు కదరా వేయించుకునేది? చేసినవాడి పేరెందుకు?"

గాజు సేకర్తలందరూ ఈ ప్రశ్నని తీవ్రంగా పరిశీలించాలి. డబ్బు మనది, ఇన్సూరెన్సు మనది, రాత్రిళ్ళు లేచి చూసుకునే బెంగ మనది, పేరు మాత్రం ఊదినవాడిదా? మా అమ్మ పప్పుగిన్నె మీద ఇవాళ్టికీ 'శ్రీమతి రాజ్యలక్ష్మి, 12-5-1978' అని ఉంటుంది. దాన్ని సాగదీసి చేసినవాడెవడో ఎవరికీ పట్టలేదు.

"పగిలితేనో?" అంది అమ్మ.

"ఇన్సూరెన్సు ఉంది."

"అది కాదురా, మళ్ళీ ఊదిపెడతాడా ఆయన?"

"2021లో మానేశాడమ్మా, ఎనభై దాటాక."

"ఎనభై దాటేదాకా ఆ పొయ్యి దగ్గరేనా! ఎవరూ కూర్చోమనలేదా పాపం?"

"మానేశాడు కాబట్టే ఇక ధర పెరుగుతుంది," అన్నాను.

అమ్మ నావంక ఓసారి చూసి లేచింది, పప్పు అడుగంటుతోందని.