ముత్తులక్ష్మీ రెడ్డి: సభ నుంచి పత్రికకు

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని మనం వైద్యురాలిగా, 1954లో అడయార్‌లో క్యాన్సర్ ఆసుపత్రిని నెలకొల్పిన సేవామూర్తిగా తలుచుకుంటాం. ఆమె పత్రికా సంపాదకురాలన్న సంగతి మాత్రం మరుగున పడింది. శాసనమండలిలో ఆమె చేసిన పనిని ఆ సంపాదకత్వంతో కలిపి చూసినప్పుడే ఆమె పట్టుదల ఎంతటిదో తెలుస్తుందని నా అభిప్రాయం.

1886లో పుదుక్కోటలో, దేవదాసీ కుటుంబానికి చెందిన చంద్రమ్మాళ్ కడుపున ఆమె పుట్టారు. 1912లో మద్రాసు వైద్య కళాశాల పట్టా అందుకున్నారు. 1927లో బ్రిటిష్ ఇండియాలో చట్టసభ సభ్యురాలైన తొలి మహిళగా మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి, దానికి ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక, ఆడపిల్లలను గుడికి అంకితం చేసే ఆచారంపై ఆమె సాగించిన పోరు అలా అంకితమైన మన రాయలసీమ బసివిలకూ, ఆలయ నృత్యగానాలే వృత్తిగా బతికిన కోస్తా కళావంతుల కుటుంబాలకూ సంబంధించినదే.

ఆలయ సేవ చేసినంత కాలమే అనుభవించదగిన ఇనాం భూమి ఆ స్త్రీలను ఆచారానికి కట్టిపడేసేది. సేవ మానితే భూమి పోయేది. ఆమె చొరవతో 1929లో వచ్చిన చట్ట సవరణ సేవా బాధ్యతను తొలగించి, భూమిని వాళ్ల చేతిలోనే ఉంచింది. నీతిబోధ కంటే ముందు కూటి సంగతి చూసిన ఈ సవరణే ఆమె కృషిలో అన్నింటికన్నా వివేకవంతమైనదని నేను నమ్ముతాను.

అంకితాన్ని పూర్తిగా నిషేధించే బిల్లును 1930లో ప్రతిపాదించారు గానీ, గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆ ఏడాదే పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత భారతీయ మహిళా సంఘం వారి ‘స్త్రీధర్మ’ మాసపత్రిక సంపాదకత్వం ఆమెకు వేదికైంది. ప్రధానంగా ఆంగ్లంలో వెలువడినా, తెలుగు, తమిళ రచనలకూ చోటిచ్చిన ఆ పత్రిక బాల్యవివాహాలపై, స్త్రీల ఓటుహక్కుపై, దేవదాసీ ఆచారంపై చర్చను చల్లారనివ్వలేదు. బిల్లు చట్టమయ్యేసరికి 1947 వచ్చింది.

అయితే ఆమె వాదనలో లోటు లేకపోలేదు. తమ కళను, ఆస్తి హక్కును వ్యభిచారంతో ముడిపెట్టవద్దని మద్రాసు దేవదాసీలు సంఘంగా ఏర్పడి అర్జీలు పెట్టుకున్నారు. ఆ మాటకు దక్కవలసిన విలువ దక్కలేదు. 1947 చట్టం అంకితంతో పాటు ఆలయ ప్రాంగణాల్లో స్త్రీల నృత్యాన్ని కూడా నిషేధించింది. తరతరాల విద్య ఒక్క నిబంధనతో నేరమైపోయింది.

నిజాం ఏలుబడిలోని తెలంగాణకు ఆ చట్టం వర్తించలేదు. ఆడపిల్లలను దేవతలకు అంకితం చేసే బసివి, జోగిని, మాతమ్మ ఆచారాలను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో మరో చట్టం చేయవలసి వచ్చింది. జోగినుల పునరావాసం గురించి మాట్లాడే ప్రజాప్రతినిధులు నిషేధ చట్టాలతో ఆగిపోకుండా, ఆ స్త్రీల చేతిలో భూమిని నిలబెట్టిన 1929 సవరణను ముందుగా చదవాలి.